హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత్ పతకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల గురించి ఇప్పటికీ అవే ప్రశ్నలు వస్తుంటాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అడిగేవి కొన్ని, ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లు అడిగేవి కొన్ని. అన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. 107 అనే అంకె అందరికీ నోటికొచ్చు. ఆ పతకాలు ఏ ఆటల్లో వచ్చాయి, ఎలా వచ్చాయి అన్నది మాత్రం చాలామందికి తెలియదు. అందుకే దాని మీదే ఎక్కువ రాశాను.

భారత్‌కు మొత్తం ఎన్ని పతకాలు వచ్చాయి? ఎన్నో స్థానం?

క్రీడలు ముగిసిన రోజు పట్టిక ప్రకారం 107. అందులో 28 స్వర్ణాలు, 38 రజతాలు, 41 కాంస్యాలు. మనది నాలుగో స్థానం. మన పైన చైనా (201 స్వర్ణాలు, మొత్తం 383), జపాన్ (52 స్వర్ణాలు, మొత్తం 188), దక్షిణ కొరియా (42 స్వర్ణాలు, మొత్తం 190) ఉన్నాయి. మన తర్వాత 22 స్వర్ణాలతో ఉజ్బెకిస్థాన్.

మొత్తం చూస్తే కొరియాకే రెండు ఎక్కువ కదా, జపాన్ పైన ఎలా ఉంది?

పట్టికలో ముందు స్వర్ణాలు చూస్తారు. అవి సమానమైతే రజతాలు, అవీ సమానమైతే కాంస్యాలు. మొత్తం సంఖ్యతో సంబంధం లేదు.

జరిగింది 2023లో అయితే 2022 ఆసియా క్రీడలు అంటారేంటి?

19వ ఆసియా క్రీడలు అసలు 2022లోనే జరగాలి. చైనాలో కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడి 2023 సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 8 వరకు జరిగాయి. పేరు మాత్రం పాతదే ఉంచేశారు. పరీక్షలో అడిగితే రెండు సంవత్సరాలూ గుర్తుపెట్టుకోండి.

వందో పతకం ఏ ఆటలో వచ్చింది?

మహిళల కబడ్డీలో. ‘ఇస్ బార్ సౌ పార్’, అంటే ఈసారి వంద దాటాలి అన్న నినాదంతో మన బృందం బయల్దేరింది. అక్టోబరు 7 ఉదయం ఫైనల్లో చైనీస్ తైపీ (తైవాన్) మీద 26-25తో, అంటే ఒకే ఒక్క పాయింటుతో గెలిచాం. అదే వందోది, అదీ స్వర్ణం. మన మట్టిలో పుట్టిన ఆట వంద పూర్తి చేయడం నాకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది.

దీనికి ముందు మన అత్యుత్తమ ప్రదర్శన ఏది?

పతకాల సంఖ్యలో చూస్తే 2018 జకార్తా. అక్కడ 16 స్వర్ణాలు, 23 రజతాలు, 31 కాంస్యాలతో మొత్తం 70. పాత పుస్తకాల్లో 69 అని కనబడితే కంగారు పడకండి. వేరే దేశాల క్రీడాకారులు డోపింగ్‌లో దొరికిపోవడంతో మన లెక్క తర్వాత మారింది.

స్థానం చూస్తే మాత్రం 1951 మొదటి ఆసియా క్రీడలే. ఢిల్లీలో 11 దేశాలతో జరిగిన ఆ పోటీల్లో 15 స్వర్ణాలు సహా 51 పతకాలతో జపాన్ తర్వాత రెండో స్థానంలో నిలిచాం. ఆ 15 స్వర్ణాల రికార్డును దాటడానికి చాలా దశాబ్దాలు పట్టింది. మధ్యలో 1990 బీజింగ్ లాంటి చేదు అనుభవాలూ ఉన్నాయి. అక్కడ మనకు దక్కింది ఒకే ఒక్క స్వర్ణం. అదీ ఆ ఏడాదే ఆసియా క్రీడల్లోకి వచ్చిన కబడ్డీలో.

ఐదేళ్లలో 70 నుంచి 107కి ఎలా ఎగబాకాం?

‘మన క్రీడాకారులు బాగా ఆడారు, ప్రభుత్వం డబ్బు పెట్టింది’ అని తేల్చేస్తే సగం జవాబే అవుతుంది. లెక్క విప్పి చూద్దాం.

షూటింగ్‌లో 2018లో 9 పతకాలు, హాంగ్‌జౌలో 22. అథ్లెటిక్స్‌లో 20 నుంచి 29కి, ఆర్చరీలో 2 నుంచి 9కి పెరిగాం. ఈ మూడు ఆటల్లోనే 29 పతకాలు అదనంగా వచ్చాయి. పెరిగినవి మొత్తం 37 కాబట్టి ముప్పాతిక భాగానికి పైగా ఇక్కడే ఉంది.

ఈ పెరుగుదలకు రెండు కారణాలున్నాయి. ఒకటి, పోటీల జాబితా మారడం. జకార్తాలో షూటింగ్‌లో వ్యక్తిగత, మిక్స్‌డ్ పోటీలే పెట్టారు. పురుషుల టీమ్, మహిళల టీమ్ పోటీలు లేవు. హాంగ్‌జౌలో అవి తిరిగి వచ్చాయి. మన 7 షూటింగ్ స్వర్ణాల్లో 5 ఆ టీమ్ పోటీల్లోవే. అలాగే జకార్తాలో కాంపౌండ్ ఆర్చరీ (చివర్లలో చక్రాలుండే విల్లుతో ఆడేది) వ్యక్తిగత పోటీలు తీసేశారు, హాంగ్‌జౌలో మళ్లీ పెట్టారు. ఆ రెండూ మనమే గెలిచాం. 2018లో లేని క్రికెట్, చదరంగం కూడా ఇక్కడ ఉన్నాయి.

రెండోది, అసలైనది, ఆటలో వచ్చిన మార్పు. పోటీ ఉన్నంత మాత్రాన పతకం రాదు. రుద్రాంక్ష్ పాటిల్, ఐశ్వరీ ప్రతాప్ సింగ్ తోమర్, దివ్యాంశ్ సింగ్ పన్వర్‌ల జట్టు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 1893.7 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టి మనకు తొలి స్వర్ణం తెచ్చింది. మోకాళ్ల మీద, పడుకుని, నిలబడి కాల్చే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో సిఫ్త్ కౌర్ సమ్రా 469.6తో మరో ప్రపంచ రికార్డు. ఒలింపిక్ పతకం ఆశలున్నవాళ్లకు ప్రభుత్వం డబ్బు సాయం చేసే టాప్స్ పథకం 2014లో మొదలైంది, దానివల్ల విదేశాల్లో శిక్షణకు, తూటాలకు, ఫిజియోలకు వెతుక్కోవలసిన అవస్థ పైస్థాయి క్రీడాకారులకు చాలావరకు తగ్గింది. ఆర్మీ శిక్షణ కేంద్రాలు, ప్రైవేటు అకాడమీలు, విదేశీ కోచ్‌లు ఒకేసారి కలిసొచ్చారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అథ్లెటిక్స్‌లో మొత్తం పెరిగినా స్వర్ణాలు 8 నుంచి 6కి తగ్గాయి. 14 రజతాలు వచ్చాయి. చివరి అడుగులో జారినవి ఎక్కువ.

తెలుగువాళ్లలో ఎక్కువ స్వర్ణాలు గెలిచింది ఎవరు?

విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ. ఆర్చరీ కాంపౌండ్ విభాగంలో మూడింటికి మూడు స్వర్ణాలు. వ్యక్తిగతం, మహిళల టీమ్, మిక్స్‌డ్ టీమ్.

కాంపౌండ్ విల్లు చివర్లలో చిన్న చక్రాలుంటాయి. తాడు పూర్తిగా లాగాక చేతి మీద భారం బాగా తగ్గిపోతుంది కాబట్టి గురి నిలపడం సులువు. మరి అదే సౌకర్యం ఎదుటివాళ్లకూ ఉంటుంది కదా! అందుకే ఇక్కడ అందరూ పదికి పది కొడుతూనే ఉంటారు. ఒక్క బాణం తొమ్మిదిలో పడిందా, మ్యాచ్ చేజారినట్టే. ఆ టెన్షన్‌లో సురేఖ కొట్టిన స్కోర్లు చూడండి. వ్యక్తిగత ఫైనల్లో 15 బాణాలకు 150 గరిష్ఠం. ఆమెకు 149, కొరియా ఆర్చర్ సో చేవన్‌కు 145. ఓజస్ దేవ్‌తలేతో కలిసి ఆడిన మిక్స్‌డ్ ఫైనల్లో 160కి 159, కొరియాకు 158. అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి టీమ్ ఫైనల్లో చైనీస్ తైపీ మీద 230-229. రెండు స్వర్ణాలు ఒక్కో పాయింటు తేడాతో వచ్చినవే. చివరి బాణం వదిలేటప్పుడు చెయ్యి వణకకపోవడమే ఆమె గొప్పతనం.

ఆర్చరీలోనే విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ అతాను దాస్, తుషార్ షెల్కేలతో కలిసి రికర్వ్ (చక్రాలు లేని విల్లు) టీమ్ రజతం గెలిచాడు. ఫైనల్లో ఓడింది ఈ ఆటలో తిరుగులేని కొరియా చేతిలో.

జ్యోతి యర్రాజి పరుగు దగ్గర గొడవేంటి? కాంస్యం రజతం ఎలా అయింది?

అక్టోబరు 1న 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. తుపాకీ పేలకముందే చైనా అమ్మాయి వూ యన్నీ కదిలింది. పక్కనే ఉన్న మన విశాఖ అమ్మాయి యర్రాజి ఆ కదలిక చూసి తానూ లేచింది. అధికారులు ఇద్దరినీ అనర్హులన్నారు. స్టేడియం నిండా చైనా జనం. ఎదురుగా ఆతిథ్య దేశపు స్టార్. యర్రాజి ట్రాక్ వదిలి వెళ్లలేదు. ముందు కదిలింది తాను కాదని అక్కడే వాదించింది. తెర మీద రీప్లే చూసి చాలాసేపు తర్జనభర్జన పడ్డాక ఇద్దరినీ పరుగెత్తనిచ్చి, సంగతి తర్వాత తేలుద్దామన్నారు.

అంత రభస తర్వాత మళ్లీ బ్లాకుల్లో కాళ్లు పెట్టి మనసు కుదుటపరచుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. పోటీ చూస్తే పదమూడు సెకన్ల వ్యవహారం. ఆమె 12.91 సెకన్లలో మూడోగా వచ్చింది. రెండోగా వచ్చిన వూ యన్నీని ఆ తర్వాత అనర్హురాలిగా ప్రకటించడంతో యర్రాజికి రజతం దక్కింది. స్వర్ణం చైనాకే చెందిన లిన్ యువేది. ఎవరైనా ముందు కదిలి పక్కవాళ్లను కదిలించినప్పుడు తప్పు మొదట కదిలినవాళ్లదే అవుతుంది, అదే ఇక్కడ వర్తించింది. తనకు జరగబోయే అన్యాయాన్ని నిలబడి అడ్డుకున్న ఆ కొద్ది నిమిషాలు నాకు ఆ పతకమంత విలువైనవి.

మిగతా తెలుగు క్రీడాకారులు ఎవరెవరు?

అమలాపురం బిడ్డ రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరు ముందు చెప్పాలి. చిరాగ్ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్ ఫైనల్లో కొరియా జోడీని 21-18, 21-16తో ఓడించాడు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారత్‌కు అదే మొట్టమొదటి స్వర్ణం. ఆ వెంటనే ఈ జోడీ ప్రపంచ నంబర్ వన్ అయింది. పురుషుల జట్టు కూడా రజతం గెలిచింది. అందులో సాత్విక్‌తో పాటు గుంటూరు కిదాంబి శ్రీకాంత్ ఉన్నాడు. ఆ ఫైనల్లో చైనా మీద 2-0 ఆధిక్యంలో ఉండి 3-2తో ఓడాం. వెన్నునొప్పితో మన సింగిల్స్ ఆటగాడు ప్రణయ్ ఆడలేకపోవడం దెబ్బతీసింది.

హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 18 ఏళ్లకే నాలుగు పతకాలు తెచ్చింది. 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం, అదే పోటీలో వ్యక్తిగత రజతం, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వ్యక్తిగత, టీమ్ రజతాలు. హైదరాబాద్‌కే చెందిన కైనన్ చెనాయ్ ట్రాప్‌లో (గాల్లోకి ఎగరేసిన మట్టి పళ్లేలను కాల్చే పోటీ) టీమ్ స్వర్ణంతో పాటు వ్యక్తిగత కాంస్యం గెలిచాడు.

అగసర నందిని గురించి చాలా తక్కువమంది మాట్లాడతారు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. రెండు రోజుల్లో ఏడు పోటీలుండే హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం సాధించింది. నాలుగో స్థానంతో తేడా 4 పాయింట్లే. హర్డిల్స్ నుంచి గుండు విసరడం దాకా, ఎత్తు దూకడం నుంచి 800 మీటర్ల పరుగు దాకా అన్నీ ఒక్కరే చెయ్యాలి.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 50 కిలోల విభాగంలో కాంస్యంతో పాటు పారిస్ ఒలింపిక్స్ బెర్తు ఖాయం చేసుకుంది. టెన్నిస్ డబుల్స్‌లో సాకేత్ మైనేని, రామ్‌కుమార్ రామనాథన్‌ల జోడీకి రజతం. చదరంగంలో మహిళల జట్టు రజతంలో కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పురుషుల జట్టు రజతంలో పెంటేల హరికృష్ణ, వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి ఉన్నారు. క్రికెట్ స్వర్ణ జట్ల సంగతి కిందనే ఉంది.

పి.వి. సింధుకు పతకం రాలేదా?

రాలేదు. సింగిల్స్ క్వార్టర్‌ఫైనల్లో చైనా క్రీడాకారిణి హీ బింగ్‌జియావో చేతిలో ఓడింది. 2018 జకార్తాలో మాత్రం రజతం గెలిచింది.

క్రికెట్ ఫైనల్ పూర్తవకుండానే స్వర్ణం ఎలా ఇచ్చారు?

పురుషుల ఫైనల్లో అఫ్గానిస్థాన్ 18.2 ఓవర్లలో 5 వికెట్లకు 112 పరుగులు చేశాక వాన పడింది. మళ్లీ ఆట సాగలేదు. ర్యాంకింగ్‌లో మనమే పైన ఉన్నాం కాబట్టి స్వర్ణం మనకు వచ్చింది. అప్పుడే మన దేశంలో వన్డే ప్రపంచకప్ జరుగుతుండటంతో రుతురాజ్ గైక్వాడ్ నాయకత్వంలో కుర్రాళ్ల జట్టును పంపారు. మన తిలక్ వర్మ బంగ్లాదేశ్‌తో సెమీస్‌లో 55 నాటౌట్‌గా నిలిచాడు. మహిళల ఫైనల్ పూర్తిగా జరిగింది. శ్రీలంక మీద 19 పరుగులతో నెగ్గారు. ఆ జట్టులో అనంతపురం జిల్లా అమ్మాయి బారెడ్డి అనూష ఉంది.

కబడ్డీ పురుషుల ఫైనల్ గంటసేపు ఎందుకు ఆగింది?

ఇరాన్‌తో స్కోరు 28-28 దగ్గర ఉండగా పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లాడు. ఎవరినీ తాకకుండానే కోర్టు అంచున ఉండే లాబీలోకి వెళ్లాడా, అతని వెంట ఇరాన్ డిఫెండర్లూ వెళ్లారా, పాయింట్లు ఎవరికి ఎన్ని అన్నది తేలలేదు. పాత నిబంధన వర్తిస్తుందా కొత్తదా అని అధికారులే నిర్ణయం మీద నిర్ణయం మార్చారు. ఆటగాళ్లు కోర్టులో బైఠాయించారు. చివరికి 33-29తో గెలిచాం. స్వర్ణం మనకే వచ్చినా, ఆసియా ఫైనల్లో నిబంధన ఏదో అధికారులకే తెలియకపోవడం ఆ ఆటకు చెడ్డపేరు. కబడ్డీని ఒలింపిక్స్‌కు తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు సరిచేయాల్సింది ఇదే.

నీరజ్ చోప్రా మొదటి విసురు ఎందుకు లెక్కలోకి రాలేదు?

కొలిచే యంత్రం మొరాయించింది. జావెలిన్ ఎక్కడ పడిందో నమోదు కాకపోవడంతో మళ్లీ విసరమన్నారు. తర్వాత 88.88 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. 87.54తో రజతం కూడా మన కిశోర్ జెనాదే. కాసేపు జెనా నీరజ్‌ను దాటి ముందున్నాడు కూడా!

ఏ ఆటల్లో వెనకబడ్డాం?

కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్. 2018లో కుస్తీలో రెండు, బాక్సింగ్‌లో ఒక స్వర్ణం వచ్చాయి. హాంగ్‌జౌలో రెండిట్లోనూ సున్నా. ఆ ఏడాది మల్లయోధులు నెలల తరబడి ఢిల్లీ వీధుల్లో నిరసనలో కూర్చున్నారు. శిక్షణ ఎలా సాగుతుంది? మీరాబాయి చాను గాయంతో నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఈత, జిమ్నాస్టిక్స్‌లో ఒక్క పతకమూ లేదు. ఈత ఒక్కదాంట్లోనే పదుల స్వర్ణాలుంటాయి. అది లేకుండా పై మూడు దేశాలను అందుకోవడం జరిగే పని కాదు.

అరుణాచల్ క్రీడాకారిణుల వివాదం ఏమిటి?

అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ముగ్గురు వుషు (చైనా యుద్ధకళ) క్రీడాకారిణులను చైనా తమ దేశంలోకి రానివ్వలేదు. దానికి నిరసనగా అప్పటి క్రీడామంత్రి అనురాగ్ ఠాకూర్ తన పర్యటన రద్దు చేసుకున్నారు. అదే వుషులో రజతం గెలిచిన మణిపూర్ క్రీడాకారిణి రోషిబినా దేవి తన పతకాన్ని ఆ ముగ్గురికి అంకితమిచ్చింది. పతకాల పట్టికలో వాళ్ల పేర్లు ఎక్కడా కనబడవు, అందుకే ఈ ప్రశ్న ఇక్కడ పెట్టాను.

107 కాదు 111 అని ఎక్కడో చదివాను. ఏది నిజం?

రెండూ నిజమే. 111 దివ్యాంగుల కోసం జరిగే పారా ఆసియా క్రీడలది. అవీ హాంగ్‌జౌలోనే, 2023 అక్టోబరు 22 నుంచి 28 వరకు జరిగాయి. అక్కడ 29 స్వర్ణాలు, 31 రజతాలు, 51 కాంస్యాలతో ఐదో స్థానం. వరంగల్ దగ్గర కల్లెడకు చెందిన జీవంజి దీప్తి టి20 విభాగం (మేధో వైకల్యం ఉన్నవాళ్లది) 400 మీటర్లను 56.69 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లోనూ ఆమెకు కాంస్యం వచ్చింది.

ఆసియాలో 107 గెలిచినవాళ్లం పారిస్ ఒలింపిక్స్‌లో ఆరుకే ఎందుకు పరిమితమయ్యాం?

అన్నిటికన్నా ఎక్కువ వినబడే ప్రశ్న ఇదే. కోపంగా అడిగేవాళ్లూ ఉన్నారు. ప్రపంచమంతా వస్తుంది, పోటీ పెరుగుతుంది అన్నది ఎలాగూ తెలిసిందే. అంతకన్నా ముఖ్యమైనది 28 స్వర్ణాల్లోనే ఉంది. కాంపౌండ్ ఆర్చరీవి 5, షూటింగ్ టీమ్ పోటీలవి 5, కబడ్డీ 2, క్రికెట్ 2, స్క్వాష్ 2. ఈ 16 పోటీలు పారిస్‌లో అసలు లేవు. మిగిలిన 12 మాత్రమే ఒలింపిక్ పోటీలు. అథ్లెటిక్స్ 6, షూటింగ్ వ్యక్తిగతం 2, హాకీ, బ్యాడ్మింటన్, టెన్నిస్, గుర్రపు స్వారీ ఒక్కోటి.

మూడు స్వర్ణాల సురేఖకు పారిస్‌లో నిలబడటానికి ఒక్క పోటీ కూడా లేదు. ఆమెను పట్టుకుని ఒలింపిక్ పతకం ఏదని అడగడం అన్యాయం.

ఇంకో సంగతి కూడా చూడండి. పారిస్‌లో పతకం తెచ్చినవాళ్లంతా హాంగ్‌జౌలోనూ గెలిచినవాళ్లే. నీరజ్, హాకీ జట్టు, మను భాకర్, సరబ్‌జోత్ సింగ్, స్వప్నిల్ కుశాలె అక్కడ స్వర్ణం గెలిచారు. అమన్ సెహ్రావత్ కాంస్యం. ఆసియా క్రీడలు ఒలింపిక్స్‌కు తొలి మెట్టు అన్నది ఈ పేర్లు చూస్తేనే తెలుస్తుంది.

పాతకాలంలో ఆసియా క్రీడలతో హైదరాబాద్‌కు సంబంధం ఉండేదా?

ఈ తరానికి తెలియకుండా పోతున్న చరిత్ర అది. భారత ఫుట్‌బాల్ 1951లో, 1962లో ఆసియా స్వర్ణం గెలిచింది. రెండుసార్లూ కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన నాటి జట్టులో సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963లో కన్నుమూశారు. ఆ తర్వాత ఫుట్‌బాల్‌లో మనకు ఆసియా స్వర్ణం మళ్లీ రాలేదు.

తర్వాతి ఆసియా క్రీడలు ఎక్కడ?

జపాన్‌లోని ఐచి, నగోయాల్లో. 2026 సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు. ఆ తర్వాత 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ తిరిగొస్తోంది, స్క్వాష్ తొలిసారి వస్తోంది. కాంపౌండ్ ఆర్చరీ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా చేరింది. హాంగ్‌జౌలో సురేఖ, ఓజస్ 159-158తో గెలిచింది ఆ పోటీలోనే.